డూపుకి మరుపు లేదు

హాల్లో కుర్చీలకి కొదవ లేదు. గోడవారన ఇంకా కొన్ని ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అయినా మెకానిక్‌ని కూచోమని ఎవరూ అనలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, చివరికి ఒకదాంతో ఒకటి పట్టుకుని, లిఫ్టు తలుపు పక్కన నిలబడ్డాడు. కనబడిన మగవాళ్ళందరినీ 'బావా' అని పిలిచే మనిషి కాబట్టి లిఫ్టు కంపెనీలో అందరికీ అతనే బావ. ఆ రోజు మాత్రం అతని నోట ఆ పిలుపు ఒక్కసారీ రాలేదు.

ఎదురుగా అపార్టుమెంటు ప్రెసిడెంటు, కంపెనీ ఓనరు కూచున్నారు. వాళ్ళ మధ్య నాలుగో అంతస్తు కుట్టు టీచరమ్మ, కుడి మణికట్టుకి కట్టుతో. కిందటి వారం కరెంటు పోయి లిఫ్టు మధ్యలో ఆగినప్పుడు లోపల ఉన్నది ఆవిడ ఒక్కతే. ఎప్పుడూ కన్ను మూసి తెరిచేలోగా అందుకునే జనరేటరు ఆ రోజు డీజిలు లేక అందుకోలేదు. చాలాసేపటికి కరెంటు వచ్చింది, లైటు వెలిగింది, తలుపు తెరుచుకుంది. అంతస్తు వచ్చిందనుకుని ఆవిడ అడుగు బయట పెట్టింది. నేల మోకాలెత్తు కింద ఉంది.

"చెప్పు," అన్నాడు ఓనరు.

"తప్పు నాదేనండి," అన్నాడు బావ. "నాలుగో అంతస్తు దగ్గర గోడకి రేకు ఉంటుంది. దాన్ని చూసే లిఫ్టు అంతస్తు వచ్చిందని తెలుసుకుంటుంది. ఆ రేకు బోల్టు బిగించడం మరిచిపోయాను. రేకు జారిపోయింది. క్షమించండమ్మా."

చేతులు జోడించాడు. టీచరమ్మ అతని వంక చూడలేదు. కట్టు చివర ఊడుతున్న దారాన్ని ఎడం చేత్తో లాగుతూ, "ఈ చెయ్యి కత్తెర పట్టుకుంటేగాని నా ఇల్లు గడవదు," అంది.

"మరి మిషన్లో ఏ లోపమూ లేదంటారా?" అని ప్రెసిడెంటు ఓనరుని అడిగాడు.

ఓనరు తనకి రెండో పక్కన కూచున్న కంపెనీ ఉద్యోగిని వైపు తిరిగాడు. లిఫ్టుల్లో నడిచే ప్రోగ్రాముని బయటికి పంపేముందు పరీక్షించే పని ఆమెది. ఓ పట్టాన దేన్నీ పాస్ చేయదని కంపెనీలో పరీక్షలమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరుకి ఆమె ఎప్పుడూ కోపం తెచ్చుకోలేదు సరిగదా, లోలోపల కాస్త గర్వపడేది కూడా.

"అన్ని పరీక్షలూ పాసయిందండి," అంది. "కరెంటు పోయి వచ్చే పరీక్ష కూడా. నేనే చేశాను."

ఆ మాటకి బావ కూడా అవునన్నట్టు తలూపాడు. అతను ఎందుకు తలూపాలి అని ఆమెకి ఒక్క క్షణం అనిపించింది. అంతలో ప్రెసిడెంటు కాఫీ తెప్పించాడు.

కాఫీలు అవుతుండగా బావ ఆమెని పైకి రమ్మన్నాడు. లిఫ్టుని మళ్ళీ నడిపేముందు రేకులన్నీ ఓసారి చూడాలి, టార్చి పట్టుకోవడానికి మనిషి కావాలి. నాలుగో అంతస్తులో తాళంచెవితో తలుపు తీశాడు. లోపల చీకటి, గ్రీజు వాసన. ఆమె టార్చి వేసింది. గోడ మీద రేకు, రేకుకి బోల్టు, బోల్టు మీంచి రేకు మీదికి సాగిన సన్నటి గులాబీ రంగు గీత.

ఆ గీత సంగతి కంపెనీలో అందరికీ తెలుసు. బోల్టు బిగించగానే దాని మీద గోళ్ళరంగుతో గీత గీయడం బావ అలవాటు. బోల్టు తర్వాత ఏమాత్రం తిరిగినా గీత తెగుతుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. భార్య గోళ్ళరంగు సీసాలన్నీ ఇలాగే ఖాళీ చేసి ఇంట్లో చీవాట్లు తిన్నాడు.

"అన్నయ్యా, ఈ గీత తెగలేదు," అందామె.

బావ ముందుకి వంగి చూశాడు. "యాక్సిడెంటు అయిన రోజు బిగించాను కదా చెల్లెమ్మా. బిగించి మళ్ళీ గీసుంటాను."

"దేంతో గీశారు? సీసా ఎండిపోయింది, షాపులో అడగాలంటే సిగ్గు, నువ్వు కొనిపెట్టు అని నెల కిందటే నాకు చెప్పారుగా. నేనింకా కొననేలేదు."

బావ గీతని వేలితో తాకబోయి ఆగాడు. "ఏమో," అన్నాడు. "పానా పెట్టగానే బోల్టు గిర్రున తిరిగినట్టు గుర్తు. వదులుగా ఉందా అని ఓనరుగారు అడిగారు. ఉంది అన్నాను. పక్కన అంతా అరుస్తున్నారు, ఆవిడ ఏడుస్తోంది. నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది చెల్లెమ్మా. రాత్రి గ్యాసు కట్టేశానా లేదా అని మూడుసార్లు లేచి చూస్తున్నాను."

తిరిగి వెళ్ళేటప్పుడు కార్లో ఓనరు రోడ్డు వంక చూస్తూనే, శనివారం దాకా బావ చేత పని చేయించి సామాను అప్పజెప్పించుకుందామన్నాడు. వెనక సీట్లో ఉన్న బావ కిటికీ అద్దం పైకెత్తాడు. ఆమె ఆలోచన ఆ గీత మీదే ఉంది. గీత తెగలేదంటే రేకు జారలేదు. రేకు జారకపోతే తలుపు ఎందుకు తెరుచుకుంది? దానికి జవాబు లేకుండా ఏం మాట్లాడినా గాలిలో మేడలే.

ఇంటికి వెళ్ళేసరికి కూతురు పద్యం అప్పజెబుతోంది. అత్తగారు ఎదురుగా కూచుని చిక్కుడుకాయలు వలుస్తోంది. నాలుగు పాదాలూ గడగడా చెప్పేసింది పిల్ల.

"మరి బళ్ళో రాలేదని టీచరు ఎందుకు చెప్పినట్టు?" అందామె బ్యాగు పక్కన పెడుతూ.

"బళ్ళో నాన్నమ్మ ఉండదుగా," అంది పిల్ల.

రెండోసారి చెప్పించినప్పుడు ఆమె అత్తగారి మొహం చూసింది. పిల్ల ఆగబోయే ప్రతిచోటా అత్తగారి పెదాలు చప్పుడు లేకుండా తర్వాతి మాట చెబుతున్నాయి. కళ్ళు మాత్రం చిక్కుడుకాయల మీదే ఉన్నాయి.

"అత్తయ్యా, మీరు కాసేపు వంటింట్లో కూచోండి."

"నేనేం చేశానే? నోరు విప్పితే ఒట్టు."

"విప్పలేదు. కదిపారు."

అత్తగారు గిన్నె పట్టుకుని గొణుక్కుంటూ లేచింది. పిల్ల మొదటి పాదం చెప్పింది, రెండో పాదంలో ఆగింది, వంటింటి గుమ్మం వైపు చూసింది. పాపం, దానికి నిజంగానే రాదు. వచ్చని అది మనస్ఫూర్తిగా నమ్ముతోంది.

మర్నాడు పొద్దున్నే ఆమె పరీక్షల బల్ల ముందు కూచుంది. బల్ల మీద అందరూ డూపు అని పిలిచే పెట్టె ఉంది. అసలు పేరు ఎమ్యులేటర్. లిఫ్టుని నడిపే చిప్పు గోరంత ఉంటుంది, దాని మెమరీ దాని కడుపులోనే ఉంటుంది. లోపల ఏం జరుగుతోందో బయటినుంచి చూసే దారి లేదు. అందుకని పరీక్షలప్పుడు బోర్డు మీంచి చిప్పుని పీకేసి, ఆ గూట్లో డూపు తీగని గుచ్చుతారు. సినిమాలో హీరో బదులు దూకేవాడిలా, చిప్పు బదులు పనంతా డూపే చేస్తుంది. చిప్పు కడుపులోని మెమరీకి బదులు తన మెమరీ వాడుతుంది. అందులో ఏ గడిలో ఏముందో స్క్రీను మీద అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది. బల్ల పక్కన ఆమె ఎత్తు చెక్క చట్రం, దారానికి వేలాడే బుల్లి లిఫ్టు, దానికి బుల్లి తలుపులు.

డూపు స్విచ్చి మీద ఎర్ర టేపు అంటించి ఉంది. ఎప్పటినుంచో ఉంది. దాన్ని ఆపితే మళ్ళీ ప్రోగ్రాము ఎక్కించి, సరిచూసుకునేసరికి ఓ పూట గడిచిపోయేది. ఎవరో తెలియక ఒకటి రెండుసార్లు ఆపేశాక, పెద్దసారు టేపు అంటించారు. ఈ బల్లని అమర్చిందీ, లిఫ్టు ప్రోగ్రాము రాసిందీ, ఆమెకి ఈ పని నేర్పిందీ ఆయనే. టేపుని ముట్టుకోకూడదన్నది ఆమె ఇక్కడ నేర్చుకున్న మొదటి పాఠం.

బుల్లి లిఫ్టుని రెండు అంతస్తుల మధ్యకి పంపి, బోర్డు ప్లగ్గు పీకింది. దీపాలు ఆరిపోయాయి, బుల్లి లిఫ్టు ఆగింది. మళ్ళీ ప్లగ్గు పెట్టింది. లిఫ్టు తలుపు తెరవకుండా మెల్లిగా కిందికి దిగి, అంతస్తు చూసుకుని, అప్పుడు తెరిచింది. ఎప్పటిలాగే పాస్.

ఇంకోసారి పీకింది. ఈసారి కాఫీ గ్లాసు కోసం చెయ్యి చాచి, ఊరికే స్క్రీను వంక చూసింది. బోర్డు చచ్చి పడి ఉంది. స్క్రీను మీద మాత్రం మెమరీ గడులన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. 'మధ్యలో ఉన్నాను' అని ప్రోగ్రాము రాసుకునే గడి కూడా అలాగే ఉంది.

గ్లాసు అందుకోకుండా చెయ్యి వెనక్కి తీసుకుంది. కరెంటు పోయింది బోర్డుకి. డూపుకి పోలేదు. దాని ప్లగ్గు వేరు, దాని స్విచ్చి మీద టేపు. ఇన్నేళ్ళుగా కరెంటు పోయే పరీక్షలో ఏదీ మరిచిపోని మెమరీనే ఆమె పరీక్షిస్తూ వచ్చింది. పక్కన కూచుని పెదాలు కదుపుతున్నదెవరో అప్పుడు తెలిసింది.

పెద్దసారు అంతా విన్నారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "కరెంటు పోతే చిప్పులో గడి చెరిగిపోతుంది, సరే. చెరిగితే సున్నా అవుతుంది, సున్నా అంటే 'మధ్యలో ఉన్నాను', ఒకటి అంటే 'అంతస్తులో ఉన్నాను'. అలాగే రాశాను. అప్పుడు తలుపు తెరవదు. తెరిచేది 'అంతస్తులో ఉన్నాను' అని ఉంటేనే. అలా ఉంటే రేకుని కూడా చూడకుండా వెంటనే తెరుస్తుంది, లోపలివాళ్ళు ఉక్కిరిబిక్కిరి కాకూడదని."

"చెరిగిపోతుందని ఎవరు చూశారు సార్?"

"చూడ్డమేమిటి అమ్మాయ్. సొరుగులో చిప్పులున్నాయిగా, పెట్టి చూడు."

డూపు తీగ పీకి, సొరుగులోంచి నిజం చిప్పు తీసి గుచ్చింది. కరెంటు తీసింది, టీ తాగొచ్చి పెట్టింది. లిఫ్టు తలుపు తెరవలేదు. ఇంకో చిప్పు. అదీ తెరవలేదు. మధ్యాహ్నానికి సొరుగు ఖాళీ అయింది, ఒక్కటీ తప్పు చేయలేదు.

"చూశావా," అన్నారు పెద్దసారు. గొంతులో ఎత్తిపొడుపు లేదు, ఊరటే ఉంది. "బావ మంచివాడే. మంచివాళ్ళు మాత్రం మరిచిపోరా? తనే ఒప్పుకున్నాడు కదా."

"పదిమంది చెబితే మేక కూడా కుక్కవుతుంది సార్," అని ఊరుకుంది. అంతకంటే మాట్లాడడానికి చేతిలో ఏమీ లేదు.

గోళ్ళరంగు కొనాలన్నది ఆ సాయంత్రం గుర్తొచ్చింది. షాపమ్మాయి ఒకే గులాబీ రంగు సీసాలు రెండు తీసి, ఆమె గోరు మీద రెండూ పూసి చూపించింది. సీసాల్లో ఒకటే. గోరు మీద రెండూ వేరు. "ఏ సీసాకి ఆ సీసాయే మేడం," అంది ఆ అమ్మాయి, చేతిరుమాలు అందిస్తూ.

ఇంటిదాకా ఆ మాటే తొలిచింది. చిప్పు గడిలోకి కరెంటు వచ్చినప్పుడు అది సున్నా వైపు ఒరగాలా, ఒకటి వైపు ఒరగాలా అన్నది ఎవరూ చెప్పరు. దానికెటు మొగ్గు ఉంటే అటు ఒరుగుతుంది. ఒక్కో చిప్పుకి ఒక్కో మొగ్గు. సొరుగులో చిప్పులతో ఎన్నిసార్లు చూస్తే ఏం లాభం? చూడాల్సింది ఆ రోజు ఆ అపార్టుమెంటు లిఫ్టులో ఉన్న చిప్పుని. యాక్సిడెంటు రోజు ఎందుకైనా మంచిదని చిప్పుతో సహా పాత ప్యానెలు తీసేసి కొత్తది పెట్టారు. పాతది స్టోరు గదిలో, పనికిరాని తీగల కింద ఉంది.

మర్నాడు ఆ చిప్పుని ఊడదీసి, దాని సన్నటి కాళ్ళు వంగకుండా బల్ల మీది గూట్లో గుచ్చింది. బుల్లి లిఫ్టుని అంతస్తుల మధ్యకి పంపింది. కరెంటు ఇలా తీసి అలా పెట్టింది. తలుపు తెరవలేదు, అంత కొద్దిసేపు చిప్పు కూడా గుర్తుపెట్టుకుంటుంది. జనరేటరు సరిగ్గా పనిచేసినన్నాళ్ళూ ఆ అపార్టుమెంటులో జరిగింది ఇదే. ఈసారి కరెంటు తీసి, బల్ల తుడిచి, సొరుగు సర్ది, కిటికీ దగ్గర కాసేపు నిలబడి, అప్పుడు పెట్టింది.

బుల్లి తలుపులు తెరుచుకున్నాయి. లిఫ్టు అంతస్తుల మధ్యలో దారానికి వేలాడుతోంది.

మళ్ళీ చేసింది. మళ్ళీ తెరుచుకున్నాయి. ప్రతిసారీ ఆ చిప్పు తెల్లారి లేచినట్టు లేచి, అంతస్తులో ఉన్నానని నమ్మి తలుపు తెరుస్తోంది. ఆమెకి సంతోషం రాలేదు. చేతులు జోడించిన బావ, తను చెప్పిన 'నేనే చేశాను', అతను ఊపిన తల కళ్ళ ముందు తిరిగాయి.

పెద్దసారుని పిలిచింది. ఆయన వచ్చి, ఆమె చేత తీయించకుండా తన చేత్తోనే కరెంటు తీసి, నిలబడే కాచుకుని, పెట్టారు. తెరుచుకున్న తలుపుల ముందు వంగి చాలాసేపు చూశారు. తర్వాత డూపు దగ్గరికి వెళ్ళి ఎర్ర టేపుని గోటితో లేపారు. పాతబడి ముక్కలుగా ఊడింది. జిగురు వేలికి అంటుకుంటే ప్యాంటుకి రాసుకున్నారు.

శనివారం బావ పనిముట్ల సంచి తెచ్చి ఓనరు బల్ల మీద పెట్టాడు. పానాలు, టెస్టరు, టార్చి, అన్నీ తుడిచి వరసగా సర్ది ఉన్నాయి. పెద్దసారు ఇద్దరినీ పరీక్షల బల్ల దగ్గరికి తీసుకొచ్చారు. ఆమె చేసి చూపించింది, పెద్దసారు చెప్పారు. ఓనరు చేతులు కట్టుకుని చూశాడు. బావ తెరుచుకున్న తలుపుల వంక చూసి, తర్వాత తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"కానీ బోల్టు తిరిగినట్టు నాకు గుర్తుంది," అన్నాడు మెల్లిగా.

"ఈ చిప్పుకి కూడా అంతస్తులో ఉన్నట్టే గుర్తుంది అన్నయ్యా," అందామె. "గీత తెగలేదు. మీరు చూశారు."

ఓనరు గొంతు సవరించుకున్నాడు. "సరే. ఏది గుర్తున్నా నమ్మకుండా ముందు రేకుని చూసేలా ప్రోగ్రాము మార్చండి. అన్ని లిఫ్టుల్లోనూ ఎక్కించండి, ఈ వారంలోనే. బావ ఉద్యోగం బావకే. ఆ సంచి తీసుకో. బయట మాత్రం ఈ మాట రానివ్వొద్దు. అయిపోయిన పెళ్ళికి మేళమెందుకు? చెబితే కాంట్రాక్టులు పోతాయి."

బావ సంచి తీసుకోలేదు. "ఉద్యోగం సంగతి తర్వాత బావా," అన్నాడు. ఓనరుని అతను అలా పిలిచి వారం దాటింది. "చేయని తప్పు ఒప్పుకోవడానికైతే కార్లో ఎక్కించుకుని తీసుకెళ్ళారు. చేసిన పని చేశానని చెప్పుకోవడానికి వద్దంటే ఎలా? ఆవిడకి చెప్పాలి."

పెద్దసారు కుర్చీ వెనక వేలాడుతున్న తన చేతిసంచి భుజానికి తగిలించుకున్నారు. "పద," అన్నారు. ఓనరు ఆయన్ని ఆపుదామని నోరు తెరిచి, ఆయన మొహం చూసి మానుకున్నాడు. ఆమె వాళ్ళ వెనకే నడిచింది.

నాలుగో అంతస్తు దాకా మెట్ల మీదే ఎక్కారు. టీచరమ్మ ముందుగదిలో ఇద్దరు ఆడపిల్లలు గుడ్డ మీద సుద్దతో గీతలు గీస్తున్నారు. ఆవిడ ఎడం చేత్తో చూపిస్తూ చెబుతోంది. కుర్చీల నిండా బట్టలే. బావని చూడగానే ఆవిడ మొహం ముడుచుకుంది.

"మళ్ళీ క్షమాపణ చెప్పడానికొచ్చావా?"

"కాదమ్మా. ఆ రోజు చెప్పింది వెనక్కి తీసుకోవడానికొచ్చాను."

గదిలో సుద్ద చప్పుడు ఆగిపోయింది. టీచరమ్మ అతన్ని మొదటిసారి నేరుగా చూసింది. "వెనక్కి తీసుకోవడమేమిటి? ఇన్నాళ్ళూ చెయ్యి సలిపినప్పుడల్లా నిన్ను తిట్టుకుంటున్నాను. తిట్టుకుంటే కాస్త తగ్గేది కూడా. నువ్వు కాదంటే ఇప్పుడు ఎవర్ని తిట్టుకోను?"

బావ వెనక నుంచి పెద్దసారు ముందుకొచ్చారు. వేలికి ఎర్ర టేపు జిగురు ఇంకా నల్లగా అంటుకునే ఉంది.

"నన్ను తిట్టుకోండమ్మా," అన్నారు. "ప్రోగ్రాము రాసింది నేను."

"పరీక్ష చేసి పాస్ అన్నది నేను," అంది ఆమె.

టీచరమ్మ ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. తర్వాత లేచి, ఒంటిచేత్తో కుర్చీల మీది బట్టలు తీసి మంచం మీద వేసింది. ఆడపిల్లలు సాయం రాబోతే వద్దంది.

"కూచోండి. నిలబడి చెప్పే మాటలు ఒకసారి విన్నాను, చాలు. మొదటినుంచి చెప్పండి."

పెద్దసారు కూచున్నారు, ఆమె కూచుంది. బావ గుమ్మం దగ్గరే ఉండిపోయాడు.

"నీకు వేరే చెప్పాలా?" అంది టీచరమ్మ. "ముందు నువ్వే చెప్పు."

బావ వచ్చి కుర్చీ అంచున కూచుని, చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"బోల్టు నేను బిగించానండి," అని మొదలుపెట్టాడు.